క్యూ చేతిలో మిగిలిపోతోంది, యు రావట్లేదు. ఏం చెయ్యాలి?

ఆఖరి_బిళ్ళ (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదటిసారి.

మా అత్తగారింట్లో ఆదివారం భోజనాలయ్యాక స్క్రాబుల్ ఆడతాం, సంచిలోంచి ఏడేసి అక్షరాల బిళ్ళలు తీసుకుని బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట. ఆడేది నేనూ, మా తోడల్లుడూ. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని చూస్తారు. మామగారు అంపైర్, లెక్కలు రాసేదీ ఆయనే. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఒక్క పాయింటు అటూ ఇటూ పోనివ్వరు. తోడల్లుడు డాలస్‌లో చాన్నాళ్ళుండి రెండేళ్ళ కిందట వచ్చేశాడు. వస్తూ బోర్డూ, దాని డిక్షనరీ కూడా పట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ నాకు ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేదు.

నిన్న ఆట ఆఖర్న నా దగ్గర ఒక్క బిళ్ళ మిగిలింది. క్యూ. బోర్డు మీద పెట్టడానికి యు లేదు, ఉన్న నాలుగూ అప్పటికే ఎక్కడెక్కడో ఇరుక్కున్నాయి. ఈలోగా అతను చేతిలో ఉన్నవన్నీ ఖాళీ చేసేశాడు. క్యూ విలువ పది, చేతిలో మిగిలిపోయింది కాబట్టి నాకు పది కోత, అతనికి పది జమ. నేను ఓడింది 14తో. అంటే ఆ క్యూ ఒక్కటీ పోయుంటే గెలిచేవాణ్ణి. ఇలా జరగడం మూడోసారి.

క్యూ ఉండి యు లేని మాటలు ఏమైనా ఉన్నాయా? అసలు చేతిలో ఉన్న అక్షరాలతో మాట వెతుక్కోవడానికి పద్ధతంటూ ఉందా, లేక అంతా బుర్రలో ఉండాల్సిందేనా?

మోడరేటర్ (సోమవారం, రాత్రి 10:58)

స్వాగతం అండి. మన దగ్గర తెలుగు లిపిలోనే రాయాలన్న నియమం ఉంది కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులు అక్షరం పేరు పలికినట్టు రాయండి. కాస్త ఓపిక పట్టాలి అంతే.

నుడికట్టు_పిచ్చి (సోమవారం, రాత్రి 11:15)

మొట్టమొదట ఒకటి కంఠస్థం చేసెయ్యండి: క్యూ-ఐ. రెండే అక్షరాలు, పదకొండు పాయింట్లు. చైనావాళ్ళు ప్రాణశక్తి అనే అర్థంలో వాడే మాట. టోర్నమెంట్లలో చెల్లే మాటల జాబితాల్లోకి 2006లో వచ్చింది. క్యూ ఉన్న రెండక్షరాల మాట ఇదొక్కటే. ఐ బిళ్ళలు సంచిలో తొమ్మిది ఉంటాయి, బోర్డు మీద ఎక్కడో ఒక ఐ పక్కన చోటు దొరక్కపోదు.

తర్వాత క్యూ-ఎ-టి. యెమెన్ వైపు నమిలే ఆకు. ఈ రెండూ వస్తే మీ సమస్య సగం తీరినట్టే.

బే_ఏరియా_బుజ్జి (సోమవారం, రాత్రి 11:31)

క్యూ-ఐ పలకడం "చీ" అనే. ఇంట్లో జాగ్రత్త అన్నా. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనతో ఆడుతూ ఆ మాట పెట్టి గట్టిగా పలికాను. ఆయన వేసిన మాట బాలేదని ఛీ అన్నాననుకుని అరగంట మాట్లాడలేదు 😄

ఆఖరి_బిళ్ళ (మంగళవారం, ఉదయం 7:05)

ఒక చిక్కుంది. క్యూ-ఐ నేను ఎక్కడో విని, ఆమధ్య పెట్టి చూశాను. తోడల్లుడు డిక్షనరీ తీసి చూపించాడు, అందులో లేదు. మామగారు తీసెయ్యమన్నారు, నా వంతు కూడా పోయింది. ఇప్పుడు మీరు ఉందంటున్నారు.

రిటైర్డ్_మాస్టారు (మంగళవారం, ఉదయం 8:20)

బాబూ, ఆ పుస్తకం మొదటి పేజీలు తిప్పి ఎప్పటిదో చూడు. 1995 నాటి మూడో ముద్రణ అయ్యుంటుంది. అందులో క్యూ-ఐ లేదు, నాలుగో దాంట్లో చేర్చారు. మీ తోడల్లుడిది తప్పు కాదు, పుస్తకం పాతది.

అసలు సంగతి ఇంకోటుంది. ఈ ఆటకి లోకంలో రెండు జాబితాలు నడుస్తున్నాయి. అమెరికా, కెనడాలది ఒకటి. మన దేశం, బ్రిటన్, ఇంకా చాలా దేశాల టోర్నమెంట్లలో వాడేది కాలిన్స్ జాబితా. రెండోది బాగా పెద్దది, 2019 ముద్రణలో 2,79,496 మాటలున్నాయి. ఒకదాంట్లో చెల్లేది ఇంకోదాంట్లో చెల్లకపోవచ్చు. ఆటకి కూర్చునే ముందే ఏ జాబితా అన్నది తేల్చుకోవాలి. సగం ఆటలో తేల్చుకుంటే అది ఆట కాదు, ఆస్తి పంపకం.

పెరుగన్నం (మంగళవారం, ఉదయం 8:34)

తోడల్లుళ్ళ మధ్య ఏదైనా ఆస్తి పంపకమే మాస్టారూ.

గౌలిగూడ_గల్లీ (మంగళవారం, ఉదయం 9:50)

అన్నా, నువ్వు హైదరాబాద్‌లో ఉంటూ క్యూ మాటల కోసం వెతుకుతున్నావా? మన ఊరి గాలి నిండా అవే కదా! నేను కాలిన్స్‌తోనే ఆడతా. చూడు:

ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్, ఫకీర్. దర్గా ముందు రోజూ కనిపించేవాళ్ళే.
టి-ఎ-ఎల్-ఎ-క్యూ, తలాక్.
డబ్ల్యూ-ఎ-క్యూ-ఎఫ్, వక్ఫ్. పేపర్లో ఈ బోర్డు గురించి వార్త లేని నెల ఉండదు.
బి-యు-ఆర్-క్యూ-ఎ, బుర్ఖా. ఇందులో యు ఉంది కానీ క్యూకి ముందుంది, వెనక కాదు.
ఎన్-ఐ-క్యూ-ఎ-బి, నికాబ్.
క్యూ-ఎ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఎ-ఎల్-ఐ, కవ్వాలీ! ఏడక్షరాలు. చేతిలో ఏడూ ఒకేసారి పెట్టేస్తే యాభై పాయింట్లు అదనం అని తెలుసుగా. ఇది పడాలంటే మాత్రం నసీబ్ ఉండాలి, డబ్ల్యూలు సంచిలో రెండే.

ఇంగ్లీషులో క్యూ పక్కన యు రావడం లాటిన్, ఫ్రెంచి నుంచి వచ్చిన అలవాటు. అరబ్బీ, ఉర్దూ మాటలకి ఆ అలవాటు లేదు. గొంతు లోపల్నుంచి పలికే క ఉంటుంది చూడు, దాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు క్యూ పెడతారు. అందుకే యు లేని క్యూ కావాలంటే ఇంగ్లీషు వైపు కాదు, చార్మినార్ వైపు చూడాలి.

ఆఖరి_బిళ్ళ (మంగళవారం, ఉదయం 10:12)

భాయ్, దండం! ఇది మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. పదిహేనేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నా, ఫకీరుకి క్యూ ఉంటుందని తట్టనే లేదు.

వర్డిల్_వదిన (మంగళవారం, మధ్యాహ్నం 1:25)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది వర్డిల్ బాధ. ఐదక్షరాల మాట, ఆరు ప్రయత్నాలు. నిన్న రెండో దెబ్బకే ఐ-జి-హెచ్-టి నాలుగూ ఆకుపచ్చ అయ్యాయి, అంటే సరైన అక్షరం సరైన చోట. ఎగిరి గంతేశా. మొదటి అక్షరం ఒక్కటే కదా అని లైట్, నైట్, రైట్, సైట్ వరసగా కొట్టా. ఆరూ అయిపోయాయి. మాట ఫైట్. మూడొందల రోజుల వరస పోయింది, ఆ టెన్షన్‌లో కూరలో రెండుసార్లు ఉప్పేశా.

నుడికట్టు_పిచ్చి (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

వదినగారూ, మీరు పడ్డది పాత గొయ్యే, అందరం ఒకసారైనా పడ్డాం. ఆ తోకతో మామూలు మాటలే ఎనిమిదున్నాయి: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఒక్కొక్కటీ కొడుతూ పోతే ఒక్కో ప్రయత్నానికి ఒక్కటే తెగుతుంది.

అలాంటప్పుడు జవాబు కొట్టకూడదు, అక్షరాలు కొట్టాలి. ఎస్-ఎన్-ఎ-ఆర్-ఎల్ వెయ్యండి. అది జవాబు కాదని మీకు తెలుసు, పరవాలేదు. ఎస్, ఎన్, ఆర్, ఎల్ నాలుగూ ఒకే దెబ్బకి తేలిపోతాయి. వాటిలో ఏదైనా రంగు మారితే జవాబు దొరికినట్టే. నాలుగూ బూడిద రంగైతే ఇక మిగిలింది ఎయిట్, ఫైట్, మైట్, టైట్. మీకింకా మూడు ప్రయత్నాలుంటాయి. వాటిలో ఒకటి మళ్ళీ ఇలాగే వాడండి, ఎఫ్, ఎమ్ రెండూ ఉన్న మాట ఏదైనా సరే.

హార్డ్ మోడ్ పెట్టుకుంటే ఈ కిటుకు కుదరదు. అందులో తెలిసిన ఆకుపచ్చని వదలనివ్వరు.

వర్డిల్_వదిన (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

హార్డ్ మోడ్ మా అబ్బాయి పెట్టాడు. తీయించేస్తా.

కోడ్_కూలీ (మంగళవారం, రాత్రి 9:15)

వెతుక్కునే పద్ధతి గురించి అడిగారు కదా, నా వంతు చెప్తా. ఆడేటప్పుడు వాడమని కాదు, ఇంట్లో సాధన చేసుకోవడానికి.

లైనుకో మాట చొప్పున ఉండే పదాల ఫైలు ఒకటి దింపుకోండి. ఎనేబుల్ అని ఉచితంగా దొరుకుతుంది, 1,72,000కు పైగా మాటలుంటాయి. చాలా లినక్స్ మెషీన్లలో ముందే ఒక పదాల ఫైలు ఉంటుంది కానీ, అందులో మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ కూడా కలిసుంటాయి, ఆటకి పనికిరాదు.

ఆ ఫైల్లో గ్రెప్ అనే కమాండ్‌తో వెతకడమే. టోపీ గుర్తు పెడితే మాట మొదలు, డాలర్ గుర్తు పెడితే మాట చివర, చుక్క పెడితే ఏదో ఒక అక్షరం. వదినగారి మాట కావాలంటే టోపీ, చుక్క, ఐ, జి, హెచ్, టి, డాలర్. అంతే, ఎనిమిదీ వచ్చి నిలబడతాయి, వాటితో పాటు ఇంకో నాలుగు అరుదైన మాటలు కూడా. క్యూ పక్కన యు లేనివి కావాలంటే, క్యూ రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో టోపీ, యు. బ్రాకెట్ లోపల టోపీ అంటే "ఇది తప్ప" అని. ఒకే గుర్తు బయట ఒకలా, లోపల ఒకలా. అత్తగారిల్లు, పుట్టిల్లు అనుకోండి. ఇలా అడిగితే క్యూ చివరన ఉన్న తలాక్ లాంటివి రావు, వాటికి క్యూ పక్కన డాలర్ పెట్టి విడిగా వెతకాలి.

ఇప్పుడు అసలు కిటుకు. చేతిలో ఏడు బిళ్ళలున్నాయి, వాటిని అటూ ఇటూ తిప్పితే ఏ మాట వస్తుంది? అన్ని వరసలూ పెట్టి చూస్తే 5,040 రకాలు. అక్కర్లేదు. ఫైల్లో ప్రతి మాటకీ దాని అక్షరాలు ఎ నుంచి జెడ్ వరసలో పేర్చి పక్కన రాసుకోండి. లిజన్ అన్న మాటకి ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి వస్తుంది. సైలెంట్‌కీ అదే. ఎన్‌లిస్ట్‌కీ అదే, టిన్సెల్‌కీ అదే. అంటే ఒకే అరలో పడాల్సిన ఉత్తరాలన్నమాట. మీ చేతిలో బిళ్ళలు కూడా అలాగే పేర్చి, ఆ అర తెరిస్తే చాలు. పైథాన్ ప్రోగ్రాంలో పది లైన్లు కూడా పట్టదు.

ఆఖరి_బిళ్ళ (మంగళవారం, రాత్రి 9:40)

నాకు పైథాన్ రాదు సార్. కానీ అక్షరాలు వరసలో పేర్చడం బాగుంది. బిళ్ళలు నిలబెట్టుకునే ర్యాక్ మీద కూడా అలాగే పెట్టుకోవచ్చా?

నుడికట్టు_పిచ్చి (మంగళవారం, రాత్రి 10:03)

పెట్టుకోవచ్చు, పెద్ద ఆటగాళ్ళు చాలామంది అలాగే పెడతారు. దానికి ఆల్ఫాగ్రామ్ అని పేరు కూడా ఉంది. ఒకే రకంగా పేర్చితే కళ్ళకి ఆ గుంపు అలవాటై, చూడగానే మాట తడుతుంది. అది నెలల మీద వచ్చే విద్య. ఈ ఆదివారానికి మీకు కావాల్సింది వేరు.

బిళ్ళలు వచ్చీ రాగానే తోకలు విడదీసి కుడివైపు పెట్టండి. ఐ-ఎన్-జి ఉంటే ఒక పక్కకి. ఇ-డి, ఇ-ఆర్, ఐ-ఇ-ఆర్ ఉంటే ఒక పక్కకి. అలాగే తలలు: ఆర్-ఇ, యు-ఎన్, ఓ-యు-టి. ఏడు బిళ్ళల్లో మూడు తోకకి పోతే మిగిలిన నాలుగింటితో మాట వెతకడం ఎంత పని!

ఇంకోటి. ఆర్-ఇ-టి-ఐ-ఎన్-ఎ ఆరూ చేతిలో కలిస్తే వదలకండి. కంటి డాక్టర్ దగ్గర వినే రెటీనానే. దానికి ఒక ఎస్ చేరితే రెటీనాస్, రిటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్, ఇంకా బోలెడు. ఏడక్షరాల మాటలు ఇంత తేలిగ్గా పుట్టే గుంపులు తక్కువ.

ఎస్ సంగతి వచ్చింది కాబట్టి: సంచిలో ఎస్‌లు నాలుగే. ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఆర్కిటెక్టు, 1930ల మాంద్యంలో పని పోయినవాడు. పేపర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో కూర్చుని లెక్కపెట్టి బిళ్ళలు పంచాడు. ఇ పన్నెండు, ఎ తొమ్మిది అలా. ఎస్ మాత్రం లెక్క ప్రకారం ఇవ్వలేదు, కావాలనే తగ్గించాడు. లేకపోతే ప్రతివాడూ ఎదుటివాడి మాటకి ఎస్ తగిలించి బతికేస్తాడు. కాబట్టి మీరు వేసే మాట చివర ఎస్ పట్టే చోటు ఖాళీగా ఉందా అని ఒకసారి చూసుకోండి. మీ మాట మొత్తం పాయింట్లు అవతలివాడికి మళ్ళీ పడతాయి.

పెరుగన్నం (బుధవారం, ఉదయం 6:50)

ఇంత కష్టపడే బదులు అక్షరాలు కొడితే మాటలిచ్చే సైట్లు బోలెడున్నాయి కదా. ఫోను ఒళ్ళో పెట్టుకుంటే సరి.

రిటైర్డ్_మాస్టారు (బుధవారం, ఉదయం 7:30)

ఒళ్ళో ఫోను పెట్టుకుని ఆడేవాడు ఆడటం లేదు, టైపు చేస్తున్నాడు. వాణ్ణి గెలిచినా ఓడినా లాభం లేదు.

ఆట అయ్యాక చూడు, తప్పులేదు. నేను చేసేది చెప్తాను. పక్కన చిన్న నోట్‌బుక్కు పెట్టుకుంటాను. ఏ చేతితో తోచక చిన్న మాట వేసి సరిపెట్టుకున్నానో ఆ ఏడక్షరాలూ రాసుకుంటాను. రాత్రి ఆ సైట్లో కొట్టి చూస్తాను. దొరికిన మాట డిక్షనరీలో అర్థం చూసి, పక్కన రాస్తాను. అర్థం లేకుండా గుర్తుపెట్టుకున్నది వారం తిరిగేసరికి పోతుంది. నా వయసులో మరీను.

బే_ఏరియా_బుజ్జి (బుధవారం, ఉదయం 8:11)

అర్థం అక్కర్లేదని నిరూపించినాయన ఉన్నాడు మాస్టారూ. నైజెల్ రిచర్డ్స్, న్యూజిలాండ్ మనిషి. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఫ్రెంచి మాట్లాడటం రాదు. తొమ్మిది వారాల్లో జాబితా బట్టీ కొట్టాడట. 2024లో స్పానిష్‌లో కూడా అదే చేశాడు.

రిటైర్డ్_మాస్టారు (బుధవారం, ఉదయం 8:25)

ఆయన రిచర్డ్స్. నేను మాస్టార్ని. నాకు అర్థం కావాలి.

ఆరో_తరగతి_అమ్మ (బుధవారం, మధ్యాహ్నం 12:40)

మా పాప వాళ్ళ టీచర్ అచ్చులు లేని ఇంగ్లీషు మాటలు పది రాసుకు రమ్మన్నారట. ఎ, ఇ, ఐ, ఓ, యు ఏవీ ఉండకూడదు. నాకు స్కై, ఫ్లై, డ్రై తప్ప తట్టట్లేదు. సాయం చెయ్యరూ.

రిటైర్డ్_మాస్టారు (బుధవారం, మధ్యాహ్నం 1:15)

వై ని ఒప్పుకుంటే సుళువమ్మా. రిథమ్, మిత్, జిమ్, జిప్సీ, లింఫ్, హిమ్ (హెచ్-వై-ఎమ్-ఎన్), ట్రిస్ట్. సాంబ్రాణి లాంటి మిర్ కూడా: ఎమ్-వై-ఆర్-ఆర్-హెచ్. నీ మూడింటితో కలిపితే పదకొండయ్యాయి.

వై కూడా వద్దంటేనే సరదా. హ్మ్, ష్, ప్స్ట్, బ్ర్ర్ లాంటి శబ్దాలు డిక్షనరీలో ఉన్నాయి. ఎన్-టి-హెచ్ ఉంది. ఇవి కాక వేల్స్ నుంచి వచ్చినవి: సి-డబ్ల్యూ-ఎమ్, కూమ్ అని పలుకుతారు, కొండల మధ్య గుంటలాంటి లోయ. సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్, పాతకాలపు తంత్రీ వాద్యం. వెల్ష్ భాషలో డబ్ల్యూ అచ్చుగా కూడా పనిచేస్తుంది, మన ఊ లాగా. అంటే అచ్చు లేకపోలేదు, ఇంగ్లీషువాళ్ళ కంటికి కనపడలేదు, అంతే. పాపకి ఇది చెప్పు, టీచర్ సంతోషిస్తారు.

ఆఖరి_బిళ్ళ (బుధవారం, మధ్యాహ్నం 1:50)

నాకు మొన్న దీనికి ఉల్టా వచ్చింది మాస్టారూ. ఏడింట్లో ఆరు అచ్చులే.

నుడికట్టు_పిచ్చి (బుధవారం, మధ్యాహ్నం 2:20)

ఎ-ఎ (ఒక రకం లావా రాయి), ఎ-ఐ (చెట్టుకు వేలాడే బద్ధకపు జంతువు), ఓ-ఇ లాంటివి రెండేసి వదిలించుకోడానికి. మూడింటికి ఇ-ఎ-యు. నాలుగు కావాలంటే ఆడియో, అడ్యూ. కాలిన్స్‌లో ఇ-యు-ఓ-యు-ఎ-ఇ అని ఆరూ అచ్చులే ఉన్న మాట కూడా ఉంది, నేనింతవరకూ వెయ్యలేకపోయా.

మరీ ఘోరంగా ఉంటే బిళ్ళలు మార్చుకోండి. ఒక వంతు పోతుంది, సంచిలో ఏడుకి తగ్గకుండా ఉండాలి. చాలామంది పరువు తక్కువ అనుకుని మార్చుకోరు. అక్కడే పోతుంది ఆట. ఇంకో మాట, వి ని నమ్ముకోకండి. వి ఉన్న రెండక్షరాల మాట ఏ జాబితాలోనూ లేదు. ఆఖర్న క్యూ కన్నా ఒక్కోసారి అదే ఎక్కువ ఏడిపిస్తుంది.

పెరుగన్నం (బుధవారం, సాయంత్రం 5:45)

ఇవన్నీ చదువుతుంటే నేమ్ ప్లేస్ యానిమల్ థింగ్ గుర్తొస్తోంది. కరెంటు పోతే అదే ఆట మాకు. క్యూ కి ఊరు చెప్పలేక ఎన్నిసార్లు సున్నా వేయించుకున్నానో. పక్కింటి అక్క మాత్రం ప్రతిసారీ ఖతార్ అనేది, వాళ్ళ నాన్న అక్కడ పనిచేసేవాడు.

గౌలిగూడ_గల్లీ (బుధవారం, సాయంత్రం 6:02)

కుత్బుల్లాపూర్ అనలేకపోయావా! క్యూ తోనే రాస్తారు. జెడ్ కి జహీరాబాద్. వై కి యాదగిరిగుట్ట, యానాం, ఎమ్మిగనూరు.

పెరుగన్నం (బుధవారం, సాయంత్రం 6:09)

మాది కాకినాడ, మాకు కుత్బుల్లాపూర్ ఎవరు చెప్తారు బాబూ. యానాం ఒక్కటే తెలుసు, అది అందరూ రాసేవాళ్ళు. ఇద్దరు రాస్తే చెరి ఐదే కదా.

వర్డిల్_వదిన (బుధవారం, సాయంత్రం 6:30)

ఎక్స్ కి జంతువు ఏం రాసేవాళ్ళు మీరంతా? మా అన్నయ్య ఎక్స్-రే ఫిష్ అని రాసి, ఉందని ఒట్టేసేవాడు. అబద్ధమని కొట్టాం కూడా. పెద్దయ్యాక తెలిసింది, నిజంగానే ఉందట.

రిటైర్డ్_మాస్టారు (బుధవారం, సాయంత్రం 7:10)

ఉందమ్మా. జీరస్ కూడా ఉంది, ఎక్స్-ఇ-ఆర్-యు-ఎస్, ఆఫ్రికా నేల ఉడత. యు కి యూరియల్, లద్దాఖ్‌లో తిరిగే కొండగొర్రె. ఇక బి కి అందరూ బేర్ అని రాస్తారు కానీ, బ్యాండికూట్ రాయాలి. ఆ మాట మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాట. స్క్రాబుల్‌లో చెల్లుతుంది, తొమ్మిదక్షరాలు కాబట్టి బోర్డు మీద ముందే రెండు అక్షరాలు కుదరాలి. నలభై ఏళ్ళుగా కాచుకుని ఉన్నాను, ఇంకా పడలేదు.

కోడ్_కూలీ (బుధవారం, రాత్రి 10:20)

మాస్టారి పోస్టు చూసి మన తిండి మాటలు కాలిన్స్‌లో వెతికా. ఇడ్లీ (ఐ-డి-ఎల్-ఐ) ఉంది, దోస ఉంది, రోటీ, నాన్, రైతా, చట్నీ ఉన్నాయి. నెయ్యికి ఘీ ఉంది, జి-హెచ్-ఐ అని చిన్నది కూడా ఉంది. పప్పుకి డి-ఎ-ఎల్, డి-హెచ్-ఎ-ఎల్ రెండూ చెల్లుతాయి, హెచ్ వదిలించుకోవాలంటే రెండోది. లాఖ్, క్రోర్, లాఠీ, బంద్, ఘెరావ్ కూడా. అంటే మన దినపత్రిక మొదటి పేజీ చదివినా కొన్ని పాయింట్లు వస్తాయి. మన ఆఫీసు మాట ప్రీపోన్ కూడా ఉందండోయ్!

ఆఖరి_బిళ్ళ (శనివారం, రాత్రి 9:30)

రేపే ఆట. ఈ వారం చేసింది చెప్తా. మామగారికి ఫోన్ చేసి పాత పుస్తకం సంగతి చెప్పా. ఆయన మొదటి పేజీ చూసి, 1995దే అన్నారు. ఎవరో వాడి అమ్ముకున్నది గ్యారేజ్ సేల్‌లో డాలర్‌కి కొన్నాడట మావాడు! ఇకమీదట కాలిన్స్ అని తీర్పు ఇచ్చేశారు. తోడల్లుడు కూడా ఒప్పుకున్నాడు, మంచివాడే పాపం.

క్యూ మాటలు పన్నెండు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించా. మా ఆవిడ వంట చేస్తూ చదువుతోంది. ఈ చర్చ మొత్తం తనకి చదివి వినిపించా కూడా.

రేపు మా పెళ్ళిరోజు. అత్తగారు బొబ్బట్లు చేస్తున్నారు.

నుడికట్టు_పిచ్చి (శనివారం, రాత్రి 9:42)

శుభాకాంక్షలు! క్యూ వస్తే దాచుకోకండి, చోటు కనపడగానే తోసెయ్యండి.

ఆఖరి_బిళ్ళ (ఆదివారం, రాత్రి 11:05)

ఓడిపోయా. పదకొండుతో.

క్యూ వచ్చింది. సగం ఆటలోనే వచ్చింది. చేతిలో క్యూ, రెండు ఎ లు, ఒక ఎల్, ఇంకేవో మూడు పనికిరానివి. బోర్డు మీద అతను అడ్డంగా వేసిన ట్రెయిన్ ఉంది, దాని మొదటి టి కి పైనా కిందా ఖాళీ. చూడగానే తట్టింది. ఆ టి నుంచి కిందకి ఎ-ఎల్-ఎ-క్యూ పెడితే తలాక్. కింద గులాబీ గడి కూడా పడుతోంది, పద్నాలుగు రెట్టింపై ఇరవై ఎనిమిది.

పెళ్ళిరోజండీ. అత్తగారు ఎదురుగా కూర్చుని బొబ్బట్టు మీద నెయ్యి వేస్తున్నారు. మామగారు పెన్ను పట్టుకుని నా వంకే చూస్తున్నారు. నాకు చెయ్యి రాలేదు. అదే టి కి పైన క్యూ, ఎ పెట్టి, క్యూ-ఎ-టి అనిపించా. పన్నెండు.

మరుసటి వంతులోనే తోడల్లుడు ఆ టి కింద ఎస్ వచ్చేలా తన మాట చివర కలిపేశాడు. నా క్యూ-ఎ-టి కి ఎస్ తగిలి పదమూడు, పైగా తన మాటది వేరే.

నుడికట్టు_పిచ్చి (ఆదివారం, రాత్రి 11:12)

ఎస్ గురించి ముందే చెప్పానే!

గౌలిగూడ_గల్లీ (ఆదివారం, రాత్రి 11:15)

పదహారు అక్కడ పోయింది, పదమూడు ఇక్కడ పోయింది. పదకొండుతో ఓడావా. ఏం మనిషివన్నా నువ్వు. పోనీలే, వదిన కోసం వదిలేశావ్ కదా, వదినకి చెప్పావా?

ఆఖరి_బిళ్ళ (ఆదివారం, రాత్రి 11:31)

చెప్పక్కర్లేకపోయింది. పక్కనే కూర్చుని నా ర్యాక్ చూస్తోందిగా. కారెక్కగానే అడిగింది: "చేతిలో రెండు ఎ లు, ఎల్ పెట్టుకుని క్యాట్ వేస్తారేంటండీ? తలాక్ ఫ్రిజ్ మీద రెండోదిగా!"

ఉప్పల్ దాటేదాకా ఇంకేం మాట్లాడలేదు.